సీసా మీద పేరుంది సరే, లోపల ఉన్నది అదేనా? మ్యూజియం కోపెపాడ్‌లను గుర్తించే పద్ధతి

మన దేశపు చెరువులు, దిగుడు బావుల మీద వచ్చిన పాత పరిశోధనల్లో మీసోసైక్లాప్స్ ల్యూకార్టి అనే కోపెపాడ్ (రొయ్యల బంధువైన, నీళ్ళలో బతికే అతి చిన్న జీవి) పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. నారి పురుగును మోసే సైక్లాప్స్‌ల (ఇవి ఒక రకం కోపెపాడ్‌లు) జాబితాలో కూడా ఇదే పేరు ఉండేది. 1857లో క్లాస్ అనే శాస్త్రవేత్త జర్మనీ నుంచి వర్ణించిన ఈ జాతి ప్రపంచమంతా ఉందని వందేళ్ళకు పైగా నమ్మారు. 1981లో జర్మన్ కోపెపాడ్ నిపుణుడు ఫ్రీడ్రిక్ కీఫర్ ఆ గుంపు మొత్తాన్ని తిరగేసి చూశాక, ఒకే పేరు కింద ఎన్నో జాతులు కలిసిపోయాయని తేలింది. అసలు ల్యూకార్టి యూరప్, ఉత్తర ఆసియా వైపుది. మన నీళ్ళలో దొరికేవి మీసోసైక్లాప్స్ థెర్మోసైక్లోపాయిడిస్, మీసోసైక్లాప్స్ ఆస్పెరికార్నిస్ లాంటివి.

అంటే పాత పేరున్న సీసాలను మళ్ళీ తెరిచి చూడాల్సిన పని ఇంకా చాలా ఉంది. మీరు ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నా, పీహెచ్‌డీలో ఉన్నా, కాలేజీ జువాలజీ మ్యూజియంలో దుమ్ము పట్టిన అలమార సర్దే పని మీ మీద పడినా, కింది పద్ధతి పనికొస్తుంది. చీటీ మీది పేరు ఎవరో ఒకరి అభిప్రాయం, అంతే. సాక్ష్యం లోపలున్న జంతువు. దాన్ని పాడుచేయకుండా దాని చేత మాట్లాడించాలి. ఎక్కువగా కోపెపాడ్‌ల గురించే చెబుతాను, మిగతావాటిని దారిలో పలకరిస్తాను.

ముందు చీటీ, తర్వాతే జంతువు

మూత తీయకముందే సీసాని, దాని లోపలి, బయటి చీటీలన్నిటినీ ఫోటో తీయండి. తర్వాత ప్రతి అక్షరం ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించండి. స్పెల్లింగ్ తప్పుంటే తప్పుతో సహా రాయాలి. పాత చీటీల్లో బెజవాడ, కోకనాడ, మసులిపటం, విజగపటం లాంటి ఊళ్ళు ఉంటాయి. ఒక గడిలో అలాగే రాసి, పక్క గడిలో విజయవాడ, కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం అని మీ వివరణ పెట్టండి. రెండూ కలిపేస్తే, రేపు ఇంకొకరు చూసినప్పుడు చీటీ చెప్పిందేదో, మీరు ఊహించిందేదో విడదీయలేరు. జిల్లా పేర్లతో ఇంకా జాగ్రత్త. పాత గోదావరి జిల్లా ఇప్పటి ఏ జిల్లాలకు వస్తుందో పటం చూసి గానీ తేల్చకండి.

తేదీల దగ్గర చాలామంది బోల్తా పడతారు. నెలను రోమన్ అంకెల్లో రాసి ఉంటే అదృష్టం. '4.5.28' అని మాత్రమే ఉంటే మే 4వ తేదీయో ఏప్రిల్ 5వ తేదీయో తెలియదు. సేకరించిన వ్యక్తి క్షేత్ర పుస్తకం మ్యూజియంలో ఉందేమో అడగండి. లేకపోతే అలాగే వదిలేయండి. సేకరించింది ఒకరు, గుర్తించింది ఇంకొకరు కావచ్చు. ఆ రెండు పేర్లు వేరు గడుల్లో ఉండాలి.

ఇంకో చిక్కు ఏమిటంటే, చీటీ మీద ఉన్న ఊరు ఆ జంతువు పుట్టిన ఊరు కాకపోవచ్చు. నార్వే శాస్త్రవేత్త జి.ఓ. సార్స్ 1880లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన ఎండిన బురదను నీళ్ళలో కలిపి, అందులోని నిద్రాణ గుడ్ల నుంచి డాఫ్నియా లాంటి నీటి ఈగలను తన ఊళ్ళోనే పెంచి వర్ణించాడు. ఆ నమూనాల మూలస్థానం క్వీన్స్‌లాండే, కానీ అవి గుడ్డు పగిలి బయటికొచ్చింది ఇప్పటి ఓస్లోలో. అక్వేరియంలో పెరిగిన జంతువు పొడవు, తల ఆకారం చెరువులో పెరిగిన దానిలా ఉండాలని లేదు. కాబట్టి 'పెంచినవి' అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే కింద గీత గీసుకోండి.

ఎర్ర చీటీ గానీ, హోలోటైప్, లెక్టోటైప్, సింటైప్ లాంటి మాట గానీ కనబడితే అక్కడితో ఆగి క్యూరేటర్‌ని పిలవండి. ఇవి టైప్ నమూనాలు, జాతి పేరు వీటి మీదే నిలబడి ఉంటుంది. వాటిని కొయ్యడం మీ ఇష్టం కాదు.

బల్ల మీద ఒకసారికి ఒకే సీసా. రెండు మూతలు ఒకేసారి తీసి ఉంటే చీటీలు తారుమారు కావడానికి రెప్పపాటు చాలు. డ్రాపర్‌ను కూడా సీసాకీ సీసాకీ మధ్య కడగండి. అర మిల్లీమీటరు జంతువు డ్రాపర్ గోడకి అంటుకుని పక్క జిల్లా సీసాలోకి వెళ్ళిపోతుంది.

లోపలి ద్రవం సంగతి

వాసనతోనే ఫార్మలినో ఆల్కహాలో తెలుస్తుంది, కానీ ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చకండి. గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని తెరవండి. ఫార్మలిన్‌లో ఉన్నవాటిని నీళ్ళలో బాగా కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి పని చేయడం ఆరోగ్యానికి మంచిది. ఇంత కాలం ఫార్మలిన్‌లో ఉన్న నమూనా నుంచి డీఎన్‌ఏ తీయడం కష్టం కాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి. డీఎన్‌ఏ కావాలంటే అదే చోటికి వెళ్ళి కొత్తగా పట్టి, నేరుగా 95 శాతం ఆల్కహాల్‌లో వేసుకోవాలి.

ఆల్కహాల్ ఆవిరైపోయి అడుగున గోధుమ రంగు పెచ్చు మాత్రమే మిగిలిన సీసాలు ప్రతి పాత సేకరణలోనూ ఉంటాయి. పారేయకండి. అర శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణం పోసి గోరువెచ్చగా ఉంచితే ఎండిన క్రస్టేషియన్ (రొయ్యలు, కోపెపాడ్‌ల వర్గం) దేహాలు మళ్ళీ ఉబ్బి, విడివడతాయి. పూర్తిగా కోలుకోకపోయినా కాళ్ళ మీది ముళ్ళు లెక్కపెట్టే స్థితికి చాలా వరకు వస్తాయి. తర్వాత నీళ్ళతో కడిగి మెల్లగా ఆల్కహాల్‌లోకి మార్చండి. ఈ పని చేసే ముందు కూడా అనుమతి తీసుకోవాలి, చేశాక ఫలానా తేదీన తడిపాం అని చీటీ వేయాలి.

రెండు చిప్పల మధ్య బతికే చిన్న క్రస్టేషియన్లైన ఆస్ట్రకాడ్‌ల చిప్ప సున్నంతో చేసింది. ఫార్మలిన్ నిలవ ఉండి ఆమ్లంగా మారితే ఆ చిప్పను తినేస్తుంది. సీసాలో మెత్తని సంచుల్లాంటివి మాత్రమే కనిపిస్తే, అవి ఒకప్పటి ఆస్ట్రకాడ్‌లు కావచ్చని అనుమానించండి. డాఫ్నియా, మొయినా లాంటి క్లాడోసెరాలకు (నీటి ఈగలకు) ఇంకో జబ్బు: ఫార్మలిన్‌లో పడగానే కవచం బెలూన్‌లా ఉబ్బి గుడ్లు బయటికి రాలిపోతాయి. దీన్ని ఆపడానికే ఫార్మలిన్‌లో పంచదార కలిపే అలవాటు వచ్చింది. కాబట్టి ఉబ్బిన కవచం ఆకారాన్ని జాతి లక్షణం అనుకోవద్దు.

గుంపులుగా విడదీయడం

కొంచెం నమూనాను పెట్రీ డిష్‌లో పోసి, స్టీరియో మైక్రోస్కోప్ కింద 10 నుంచి 40 రెట్లలో చూడండి. అడుగున ఒకసారి నల్ల కాగితం, ఒకసారి తెల్ల కాగితం పెడితే మొదటిసారి తప్పించుకున్నవి రెండోసారి దొరుకుతాయి.

ఒళ్ళంతా రెండు చిప్పల మధ్య దాగి, చిప్ప మీద పెరుగుదల గీతలు లేకపోతే ఆస్ట్రకాడ్. అలాంటి చిప్ప మీదే వలయాల్లాంటి గీతలుంటే అది కాంకోస్ట్రకన్, వానాకాలపు గుంటల్లోది. తల బయట ఉండి, ఒంటి మీద మాత్రం కవచం కప్పుకుని, కొమ్మలు చీలిన పెద్ద మీసంతో, ఒకే ఒక నల్ల కన్నుతో కనిపిస్తే క్లాడోసెరా. కవచం ఒంటి నుంచి విడిగా లేకుండా, ముందు లావుగా వెనక సన్నగా, తోక చివర రెండు చీలికలతో ఉంటే కోపెపాడ్.

బోరుబావి, నూతి అడుగు, ఏటి ఇసుక నుంచి వచ్చిన సీసాలైతే చెత్తను కూడా చూడకుండా వదలకండి. తెల్లగా, కళ్ళు లేకుండా, సన్నని దారప్పోగులా ఉండేవి బాతినెల్లిడ్‌లు కావచ్చు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ వై. రంగారెడ్డి, ఆయన శిష్యులు కోస్తా ఆంధ్ర నూతుల నుంచి, నది ఇసుక నుంచి హాబ్రోబాతినెల్లా జాతులను, పారాస్టెనోకారిస్ లాంటి హార్పాక్టికాయిడ్ కోపెపాడ్‌లను వర్ణించారు. గుంటూరు ప్రాంతంలోని గుత్తికొండ బిలం నుంచి ఆంధ్రకాయిడిస్ అనే ఐసోపాడ్ కొత్త ప్రజాతిగా (జీనస్‌గా, అంటే దగ్గరి జాతుల గుంపుగా) 2011లో అచ్చయింది, పేరులోనే ఆంధ్ర ఉంది. మన కాళ్ళ కింది నీళ్ళలో ఉన్నవాటిని ఇంకా పూర్తిగా చూడలేదు.

కోపెపాడ్‌లలో మూడు క్రమాలు

మంచినీళ్ళలో స్వేచ్ఛగా బతికే కోపెపాడ్‌లు దాదాపు అన్నీ మూడు క్రమాల్లో సర్దుకుంటాయి. ఒంటికి నడుము ఎక్కడుందో చూడండి. కాలనాయిడ్‌లలో ఐదో కాళ్ళ జత ఉన్న ఖండితం ముందు భాగంతోనే ఉంటుంది, నడుము దాని తర్వాత వస్తుంది. సైక్లోపాయిడ్‌లలో ఆ ఖండితం వెనక భాగంతో కలిసిపోతుంది, కాబట్టి నడుము ఒక మెట్టు ముందుకు జరుగుతుంది. హార్పాక్టికాయిడ్‌లలోనూ ఏర్పాటు అదే, కానీ ఒళ్ళంతా ఒకే లావుగా ఉండటంతో నడుము సరిగా కనిపించదు.

మొదటి జత మీసం, అంటే యాంటెన్యూల్, ఇంకా సులువు. కాలనాయిడ్‌లలో అది తోక దాకా వచ్చేంత పొడుగు, వాటిలో డయాప్టోమిడ్ అనే కుటుంబపు ఆడదానిలో 25 ఖండితాలు. సైక్లోపాయిడ్‌లలో పొట్టి, 17కి మించవు. హార్పాక్టికాయిడ్‌లలో మరీ పొట్టి. గుడ్ల సంచులు ఉంటే పని ఇంకా తేలిక: సైక్లోపాయిడ్‌కి రెండు పక్కలా రెండు, మిగతా రెండింటికి మామూలుగా ఒక్కటి. గుడ్ల సంచులు రాలిపోయి సీసా అడుగున పడి ఉంటే వాటిని కూడా అలాగే ఉంచండి.

ఏ జంతువును ఎంచుకోవాలి?

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. కోపెపాడ్ గుడ్డు నుంచి ఆరు నాప్లియస్ దశలు, ఆ తర్వాత ఐదు కోపెపోడిడ్ దశలు దాటి పెద్దదవుతుంది. ఐదో కోపెపోడిడ్ పెద్దదానిలాగే కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని కీ (లక్షణాలను ఒక్కొక్కటిగా అడుగుతూ పేరు దాకా తీసుకెళ్ళే పట్టిక) నడిపితే లేని జాతి పుడుతుంది. తోక చీలికల ముందున్న చివరి ఖండితాన్ని చూడండి. దాని ముందున్న వాటికంటే అది బాగా పొడుగ్గా ఉంటే అనుమానించాలి, ఎందుకంటే చివరి పొర విడిచినప్పుడే అది రెండుగా విడిపోతుంది. గుడ్ల సంచి ఉన్న ఆడదైతే ఇక ఆ టెన్షన్ అక్కర్లేదు.

సైక్లోపాయిడ్‌లకు పెద్ద ఆడది కావాలి. డయాప్టోమిడ్‌లకు పెద్ద మగది తప్పనిసరి. మగ డయాప్టోమిడ్‌ని పోల్చడం తేలికే: కుడి మీసం ఒకటే మధ్యలో ఉబ్బి, కీలు పెట్టినట్టు వంగుతుంది. సైక్లాప్స్ మగదానికి రెండు మీసాలూ అలా వంగుతాయి. హీలియోడయాప్టోమస్, నియోడయాప్టోమస్, ట్రోపోడయాప్టోమస్, ఫిల్లోడయాప్టోమస్ లాంటి మన ప్రజాతులను విడదీసేది మగదాని ఐదో కాళ్ళ జత, ముఖ్యంగా పెద్దదైన కుడి కాలు, దాని చివరి గోరు, పక్క ముల్లు. ఒకే సీసా నుంచి కనీసం రెండు మూడు జంతువులు చూడండి. ఒకే చెరువులో రెండు డయాప్టోమిడ్ జాతులు కలిసి బతకడం మామూలే.

కొయ్యకముందు

జంతువును ఆల్కహాల్ నుంచి నేరుగా గ్లిజరిన్‌లో పడేస్తే ముడుచుకుపోతుంది. 70 శాతం ఆల్కహాల్‌లో పదో వంతు గ్లిజరిన్ కలిపి, క్యావిటీ బ్లాక్‌లో (గుంట ఉన్న గాజు దిమ్మలో) పోసి, జంతువును వేసి, దుమ్ము పడకుండా సగం మూసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఆల్కహాల్ మెల్లగా ఎగిరిపోయి గ్లిజరిన్ లోపలికి చేరుతుంది, ఒళ్ళు పారదర్శకంగా మారుతుంది.

ఇప్పుడు మొత్తం జంతువును వీపు వైపు నుంచి, పక్క నుంచి బొమ్మ వేయండి. డ్రాయింగ్ ట్యూబ్ ఉంటే మంచిది, లేకపోతే ఫోటో మీద ట్రేస్ చేయండి. ఆడ సైక్లాప్స్‌లో వీర్యం దాచుకునే సంచి ఆకారం ఒక ముఖ్య లక్షణం. మీసోసైక్లాప్స్‌లో అది సుత్తి తలలా పక్కలకు చాపుకుని ఉంటుంది. అది మెత్తని కణజాలం. లాక్టిక్ ఆమ్లం లాంటి ఘాటైన ద్రవంలో పెడితే కరిగి కనిపించకుండా పోతుంది. అందుకే ముందు దాన్ని గీసుకుని, తర్వాతే మిగతా పని. పొడవు కొలిచేటప్పుడు తోక వెంట్రుకలు కలపకుండా కొలిచి, అలాగని రాయండి. ఐపీస్‌లోని స్కేలును స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూసుకోకుండా కొలిచిన అంకెకు విలువ లేదు.

కోత

బట్టలు కుట్టే సూది ఈ పనికి మోటు. పురుగుల్ని గుచ్చే అతి సన్నని పిన్నులను పుల్లకి బిగించి వాడండి, లేదా టంగ్‌స్టన్ తీగ చివర పదును పెట్టుకోండి. రెండు చేతులకీ రెండు సూదులు, మోచేతులు బల్ల మీద ఆనించి. మధ్యాహ్నం కాఫీ తాగాక మొదలుపెట్టకండి, చెయ్యి వణుకుతుంది.

స్లైడ్ మీద చిన్న గ్లిజరిన్ చుక్క, అందులో జంతువు. చుక్క పెద్దదైతే జంతువు ఈదుతూ తప్పించుకుంటుంది. ఎడమ సూదితో ముందు భాగాన్ని మెత్తగా అదిమి పట్టి, కుడి సూదిని నడుము దగ్గర పెట్టి నెమ్మదిగా వెనక్కి లాగండి. సైక్లాప్స్‌లో వెనక భాగంతో పాటే చిన్నదైన ఐదో కాళ్ళ జత కూడా వచ్చేస్తుంది. దాన్ని పొట్ట వైపు పైకి పెట్టి వేరే చుక్కలోకి మార్చండి. ఆ తర్వాత నాలుగో జత, మూడోది, రెండోది, మొదటిది: వెనక నుంచి ముందుకే రావాలి. ప్రతి జతను జతగానే, మధ్యలో కలిపే పలకతో సహా తీయండి, ఎందుకంటే నాలుగో జత పలక అంచు మీది ముళ్ళు కూడా జాతులను విడదీస్తాయి. చివరికి మీసాలు, నోటి భాగాలు.

కవర్ స్లిప్ బరువుకి కాళ్ళు నలిగిపోకుండా, పగిలిన కవర్ స్లిప్ పెంకులు రెండు మూడు అంచుల దగ్గర ఆసరాగా పెట్టండి. రెండు వైపుల నుంచీ చూడాలనుకుంటే స్లైడ్‌కు బదులు రెండు కవర్ స్లిప్‌ల మధ్య అమర్చండి. అంచుకి నెయిల్ పాలిష్ పూయండి, ఆరాక ఇంకో పూత. స్లైడ్ మీద రిజిస్టర్ నంబరు, ఏ భాగమో, ఎవరు కోశారో ఆ రోజే రాయాలి.

ఏం చూడాలి?

ఇక నూనె చుక్క వేసి 100 రెట్ల లెన్స్ కిందికి వెళ్ళండి. సైక్లాప్స్ ప్రజాతిని ఎక్కువగా ఐదో కాలు చెప్పేస్తుంది. ఒకే ఖండితం, దాని మీద ఒక ముల్లు, రెండు వెంట్రుకలు ఉంటే యూసైక్లాప్స్ వైపు నడవండి. రెండు ఖండితాలుండి, చివరి దాని మీద ఒక వెంట్రుక, ఒక ముల్లు ఉంటే, ఆ ముల్లు ఎక్కడ నాటుకుందో చూడండి. లోపలి అంచు మధ్యలో ఉంటే మీసోసైక్లాప్స్. వెంట్రుక పక్కనే, చివరి నుంచే బయల్దేరితే థెర్మోసైక్లాప్స్. ఈ ఒక్క తేడా తెలియక కలిసిపోయిన నమూనాలు నా దృష్టిలో చాలానే ఉండి ఉంటాయి.

తర్వాత ఈదే కాళ్ళ బయటి కొమ్మ చివరి ఖండితం మీద ముళ్ళు లెక్కపెట్టండి, మొదటి జత నుంచి నాలుగో జత దాకా. మీసోసైక్లాప్స్‌కి 2, 3, 3, 3 రావాలి. జాతి దగ్గరికి వచ్చేసరికి తోక చీలికల పొడవు వెడల్పుల నిష్పత్తి, వాటి లోపలి అంచు మీద సన్నని రోమాలు ఉన్నాయా లేవా, మీసం చివరి ఖండితం మీది పారదర్శక పొర ఆకారం ముఖ్యం. ఆస్పెరికార్నిస్‌కి తోక చీలికల లోపలి అంచున రోమాలుంటాయి, థెర్మోసైక్లోపాయిడిస్‌కి ఉండవు. ఆ రోమాలు మురికి పట్టి ఉంటే కనిపించవు. మెత్తని కుంచెతో తుడిచి, ఫోకస్ పైకీ కిందికీ తిప్పుతూ చూడాలి. ఈ తేడా ఊరికే పుస్తకాల కోసం కాదు. దోమ పిల్లల్ని తినే ఆస్పెరికార్నిస్‌ని డెంగీ దోమ మీద ప్రయోగించారు. వియత్నాంలో కూడా నీటి తొట్లలో మీసోసైక్లాప్స్ వదిలి ఈడిస్ దోమను అణిచారు. ఏ జాతిని వదిలారో తెలియకపోతే ఆ పని మళ్ళీ చేయడం కుదరదు.

కీ వాడేటప్పుడు మొదట చూడాల్సింది అది ఏ ప్రాంతానికి రాసిందో. యూరప్ కీలో మన జంతువును నడిపితే, ఆ కీలో ఉన్నవాటిలో దగ్గరిదేదో దానికి పేరుగా తగులుకుంటుంది. మన దేశపు ల్యూకార్టిలలో కొన్నిటి కథ ఇంతే. కీ చెప్పిన పేరును అక్కడితో ఒప్పేసుకోకుండా, మూల వర్ణన తెరిచి బొమ్మతో బొమ్మను పోల్చండి. పాత పత్రాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. పేరు ఇప్పుడు చెల్లుతోందా, దేనికైనా పర్యాయనామంగా మారిందా అన్నది వరల్డ్ ఆఫ్ కోపెపాడ్స్ డేటాబేస్‌లో చూడండి. ఇంకా తేలకపోతే టైప్ నమూనాతో పోల్చాలి. కీఫర్ స్లైడ్లు జర్మనీలోని కార్ల్స్‌రూహే మ్యూజియంలో ఉన్నాయి. ఫోటోలు పంపమని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి.

పేరు రాయడం, సీసా తిరిగి ఇవ్వడం

జాతి దాకా ఖాయంగా వెళ్ళలేకపోతే ప్రజాతి దగ్గరే ఆగండి. పోలి ఉంది గానీ నమ్మకం లేదనుకుంటే జాతి పేరు ముందు సీఎఫ్ (cf., 'పోల్చి చూడండి' అని అర్థం) అని పెట్టే పద్ధతి ఉంది. 'మీసోసైక్లాప్స్ ప్రజాతి, ఆడది, ఐదో కాలు విరిగింది' అని రాసిన చీటీ, ధైర్యంగా రాసిన తప్పు పేరు కంటే వందరెట్లు పనికొస్తుంది.

మీ కొత్త చీటీలో శాస్త్రీయ నామం రోమన్ లిపిలో, కింద మీ పేరు, సంవత్సరం ఉండాలి. నూలు గుజ్జుతో చేసిన మంచి కాగితం మీద ఇండియన్ ఇంక్‌తో గానీ, పెన్సిల్‌తో గానీ రాయండి. బాల్ పెన్ సిరా ఆల్కహాల్‌లో వారం తిరక్కముందే కరుగుతుంది. పాత చీటీని ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి, అందులో పేరు తప్పని మీకు ఎంత గట్టిగా తెలిసినా సరే. సీసాలో ఇప్పుడు ఎన్ని జంతువులు మిగిలాయి, ఎన్ని స్లైడ్ల మీదకి వెళ్ళాయి, ఆ స్లైడ్లు ఏ పెట్టెలో ఉన్నాయి అన్నది రిజిస్టర్‌లో కూడా ఎక్కాలి. రెండు జాతులు కలిసి ఉంటే విడి చిన్న గొట్టాల్లో పెట్టి, వాటిని మళ్ళీ పాత సీసాలోనే ఉంచండి. ప్రతి గొట్టంలోనూ మూల చీటీ నకలు ఉండాలి.

కొత్త జాతి అని తేలితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దాని టైప్ నమూనాలను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో జమచేయాలి. జంతువులకు అలాంటిది 1916లో మొదలైన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో. హైదరాబాద్‌లో దాని మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, తెలుగు రాష్ట్రాల వాళ్ళు ముందు అక్కడ అడగొచ్చు. నమూనాను విదేశీ నిపుణుడికి పోస్టులో పంపే ముందు చట్టంలోని అనుమతుల సంగతి మీ గైడ్‌తో, మ్యూజియంతో కూర్చుని తేల్చుకోండి. చాలాసార్లు మంచి బొమ్మలు, ఫోటోలు పంపితేనే జవాబు వచ్చేస్తుంది. చివరగా సీసాలో ఆల్కహాల్ మెడ దాకా నింపి, మూత బిగించి, క్యూరేటర్ ఎదుటే అలమారలో దాని అరలో పెట్టి సంతకం చేయండి.